కమిట్ యాక్సెస్ ఇవ్వడానికి ఎన్ని పీఆర్‌లు చాలు?

పాతచెట్టు: తొమ్మిదేళ్లుగా ఒక చిన్న ఓపెన్ సోర్స్ పార్సర్ లైబ్రరీ (ఫైళ్లను చదివి విడమరిచే కోడ్) చూసుకుంటున్నాను. మెయింటైనర్‌ని నేనొక్కడినే. ఇష్యూలు (వాడేవాళ్లు పంపే ఫిర్యాదులు) గుట్టలుగా పేరుకుపోయాయి, ఇంకొకరిని తీసుకోక తప్పదు. 50 పీఆర్‌లు (పుల్ రిక్వెస్టులు, అంటే బయటివాళ్లు పంపే కోడ్ మార్పులు) మెర్జ్ అయి (ప్రాజెక్టులో కలిసి), కనీసం ఏడాది నిలబడ్డవాళ్లకే కమిట్ యాక్సెస్ (కోడ్‌ను నేరుగా మార్చే హక్కు) అని రూలు పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

నీలిమబ్బు: 50 మరీ ఎక్కువండీ. 20 చాలు.

కొత్తకొమ్మ: నా అనుభవం చెప్తాను. ఒక ప్రాజెక్టులో నావి 31 పీఆర్‌లు మెర్జ్ అయ్యాయి. 32వది నాలుగు నెలలు అలాగే పడి ఉంది. ఒకరోజు మెయింటైనర్ అదే మార్పును తన పేరుతో కమిట్ చేసుకుని నాది మూసేశారు. కారణం ఒక్క ముక్క రాయలేదు. ఆ తర్వాత ఆ రిపో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) తెరవబుద్ధి కాలేదు. 50 అని బోర్డు పెడితే పనిచేసేవాళ్లు మధ్యలోనే వెళ్లిపోతారు.

పాతచెట్టు: మీకు జరిగింది అన్యాయమే. కానీ తేలిగ్గా ఇచ్చేస్తే ఏమవుతుందో కూడా చూశాం కదా. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని, సాయం చేస్తానని అడిగిన ఒక అపరిచితుడి చేతిలో పెట్టారు. అతను ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే డిపెండెన్సీ (అది ఆధారపడే మరో ప్యాకేజీ) తగిలించాడు. బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ దాని వెంటే వచ్చింది.

కొత్తకొమ్మ: మరి ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్లను కుదించే టూల్) సంగతి? 2021లో ఒకడు ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపడం మొదలుపెట్టి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, మెయింటైనరై, 2024 ఫిబ్రవరిలో 5.6.0 రిలీజ్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టాడు. మీ 50, మీ ఏడాది, రెండూ అతను సునాయాసంగా దాటేస్తాడు. పట్టుబడింది కూడా రూలు వల్ల కాదు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజినీరు తవ్వి చూడబట్టి.

నీలిమబ్బు: 20 పీఆర్‌లు, ఆరు నెలలు. ఇదే న్యాయం.

గులకరాయి: అంతా ఒకేసారి ఎందుకివ్వాలి? కుబర్నెటిస్ (సర్వర్ల మీద యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులో రివ్యూయర్, అప్రూవర్ హక్కులు ఫోల్డర్ వారీగా ఉంటాయి. డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) మెయింటైనర్లు తమకు అనుమతించిన ప్యాకేజీలే అప్‌లోడ్ చేయగలరు.

పాతచెట్టు: అవన్నీ పెద్ద ప్రాజెక్టులు, అక్కడ చూసుకోవడానికి మనుషులున్నారు. ఇక ఎక్స్‌జెడ్ విషయం మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. 2022లో ఆ మెయింటైనర్‌ను "కొత్తవాళ్లను తీసుకో" అని మెయిళ్లతో సతాయించింది ఎవరు? ఇప్పుడు మీరు నా మీద తెస్తున్న ఒత్తిడి కూడా అలాంటిదే.

కొత్తకొమ్మ: మాటలు చూసి రాయండి. ఊరూ పేరూ లేని ఆ దొంగ ఖాతాలతో నన్ను కలుపుతారా? రెండో మనిషి కావాలని అడిగింది మీరు. నేను మీ ప్రాజెక్టులో ఏమీ అడగలేదు.

తాళంచెవి: ఇద్దరూ కాస్త ఆగండి. పాతచెట్టు గారూ, మీరు నెల రోజులు మంచం పడితే రిలీజ్ ఎవరు చేస్తారు?

పాతచెట్టు: ఎవరూ చేయలేరు. ఆ టెన్షన్ నాకు రోజూ ఉంటుంది. రెండేళ్ల కిందట ఒకరికి యాక్సెస్ ఇచ్చాను. మూడు వారాలు హుషారుగా చేశారు. ఒక పీఆర్ మెర్జ్ చేశారు, దాంతో చివర ఖాళీ లైన్ ఉన్న ఫైళ్లన్నీ ఎర్రర్ ఇచ్చాయి. ఆయన మాయం. తిట్లన్నీ నాకు. తెల్లవారుజామున మూడింటికి వెనక్కి తిప్పి మళ్లీ రిలీజ్ చేశాను. అందుకే ఈ 50.

కొత్తకొమ్మ: ఆయనకు ఏం నేర్పారు?

పాతచెట్టు: రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైల్) లింక్ పంపాను.

కొత్తకొమ్మ: ఖాళీ లైన్ కేసుకు టెస్టు ఉందా?

పాతచెట్టు: అప్పుడు లేదు. ఆ విషయం నాకు తెలుసు, ఎక్కడా రాసిపెట్టలేదు.

కొత్తకొమ్మ: మరి ఆయనకెలా తెలుస్తుంది? 50 పీఆర్‌లు చేసినా మీ తలలో ఉన్నది ఆయన తలలోకి రాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. నా 32వ పీఆర్‌ను ఎందుకు మూసేశారో ఒక్క వాక్యం రాసుంటే నేను ఇవాళ్టికీ అక్కడే ఉండేవాణ్ణి.

పాతచెట్టు: ఆ ఒక్క వాక్యం రాయడానికి కూడా ఓపిక మిగలని రోజులుంటాయండీ. నేర్పాలంటే ఒక్కోసారి నేనే చేసుకోవడం కంటే మూడింతల టైం పడుతుంది. అంతా నేర్పాక ఆ మనిషి వెళ్లిపోతే? నా భయం దొంగల గురించి కాదు, దీని గురించే.

గులకరాయి: ముందు గిట్‌హబ్‌లో ట్రయేజ్ రోల్ ఇవ్వండి. ఇష్యూలకు లేబుళ్లు పెట్టొచ్చు, మూసేయొచ్చు, కోడ్ మాత్రం మార్చలేరు. వెళ్లిపోయినా నష్టం లేదు.

పాతచెట్టు: అది చేయగలను. వచ్చే రిలీజ్ రోజు స్క్రీన్ షేర్ కూడా పెడతాను. చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా), 32-బిట్ బిల్డ్, ట్యాగ్ సైన్ చేయడం, అన్నీ చూపిస్తాను. చూస్తున్నవాళ్లే నోట్సు రాసి రిపోలో పెట్టాలి. సైనింగ్ కీ (రిలీజ్ అసలైనదని డిజిటల్ సంతకం చేసే కీ) మాత్రం నా దగ్గరే.

కొత్తకొమ్మ: నోట్సు నేను రాస్తాను. కానీ ఆ కీ రెండో మనిషికి ఎప్పుడిస్తారో కూడా ఆ ఫైల్లోనే రాయాలి.

పాతచెట్టు: అది ఇప్పుడే రాయలేను.

కొత్తకొమ్మ: అయితే ఆ లైన్ ఖాళీగా ఉంచి పీఆర్ పెడతాను. మీరు నింపాకే మెర్జ్ చేయండి.