బన్నింపడా, మన్నింపడా? మిడ్‌సీజన్ అవార్డు మీద వేయాల్సిన పద్యపాదం

స్కోరుబుక్కు:
అందరికీ నమస్కారం. ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను, సాయం కావాలి.

మేము కొందరం తెలుగువాళ్ళం కలిసి 1990 నాటి అమెరికన్ లీగ్ బేస్‌బాల్ సీజన్‌ని కార్డులు, పాచికలతో మళ్ళీ ఆడుతున్నాం. ఆట పేరు స్ట్రాట్-ఓ-మ్యాటిక్, 1961 నుంచీ ఉంది. ప్రతి ఆటగాడికీ ఆ ఏడాది నిజంగా ఆడిన లెక్కలతో ఒక కార్డు ఉంటుంది. తెల్ల పాచికలో 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూస్తాం, 4, 5, 6 పడితే పిచర్ (బంతి విసిరేవాడి) కార్డు. ఆ తర్వాత ఎర్ర పాచికలు ఏం చెబితే అదే జరిగినట్టు. జట్టుకి 162 ఆటలు. సగం అయిపోయాయి కాబట్టి మిడ్‌సీజన్ అవార్డులు ప్రకటించాలి. ప్రశంసాపత్రాలు రాసే పని నాది, ఒక్కో అవార్డు కిందా ఒక తెలుగు పద్యపాదం వేద్దామని మాట అనుకున్నాం.

ఉత్తమ రిలీవర్‌గా (ఆట మధ్యలో ముందున్న పిచర్ బదులు వచ్చేవాడు) ఓక్లండ్ వాళ్ళ డెన్నిస్ ఎకర్స్‌లీ గెలిచాడు. ఆట చివర్లో, గెలుపు చేజారబోతుండగా వచ్చి నిలబెట్టేవాడికి ‘సేవ్’ లెక్క కడతారు. క్రికెట్‌లో చివరి ఓవరుకి బంతి అందుకునేవాడిలాంటివాడు. పోతన గజేంద్రమోక్షంలోని ‘గజప్రాణావనోత్సాహియై’ తప్ప ఇంకో మాట నాకు తోచలేదు, ‘అవనం’ అంటేనే కాపాడటం కదా! అయితే రెండో పాదం కూడా వేయాలని ఉంది. ‘అభ్రగపతిం’ (గరుత్మంతుణ్ణి) దాకా వచ్చి ఆగిపోయాను. బన్నింపడా, మన్నింపడా? రెండూ నా చెవిలో ఉన్నాయి. పత్రం అచ్చుకి వెళ్ళేలోపు తేల్చండి.

మత్తేభం:
బన్నింపడే. ఇందులో తేల్చడానికేమీ లేదు. పద్యం మొత్తం పెడుతున్నాను:

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్క నొత్తడు వివాదప్రోద్ధతశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై

ఇది మత్తేభం. ఇందులో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, పద్నాలుగో అక్షరం. రెండో పాదం ‘ప’తో మొదలైంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, పద్నాలుగోది సరిగ్గా మీరు అడిగిన అక్షరమే. ‘ప’కి ‘బ’ కుదురుతుంది. ‘మ’ కుదరదు. అభ్రగపతిన్ + పన్నింపడు (సిద్ధం చేయించడు), ద్రుతం ‘న్’ మీద పరుషం ‘ప’ సరళం ‘బ’ అయింది, అంతే.

కంఠస్థం:
మత్తేభం గారూ, మా అమ్మమ్మ నోట, మా బడిలో తెలుగు మాస్టారి నోట, తర్వాత నేను విన్న హరికథల్లో అన్నిట్లోనూ ‘మన్నింప’ అనే ఉంది. ఇంతమంది నోట ఉన్నదాన్ని ఒక్క యతి పేరు చెప్పి కొట్టేయలేం. భావం చూడండి. సిరికి చెప్పలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి పట్టించుకోలేదు. వరసగా తనవాళ్ళని ఒక్కొక్కరినీ దాటుకుని వెళ్ళిపోతున్నాడు. మధ్యలో ‘సిద్ధం చేయించడు’ అంటే ఆ వరస దెబ్బతింటుంది. మన్నించడం అంటే క్షమించడం కాదు, గౌరవించడం అని ఇక్కడున్న వారికి చెప్పనక్కర్లేదు.

మత్తేభం:
నోళ్ళని కాదనడం లేదండీ. పోతనకి యతిభంగం అంటగట్టొద్దంటున్నాను. మ-ప మైత్రి కావాలంటే ‘ప’ ముందు సున్నా ఉండాలి. ‘పరివారంబును’లో ‘ప’ ముందు సున్నా ఏదీ?

పల్లెపొద్దు:
కంఠస్థం గారు చెప్పిన వరస మంచిదే కానీ, ఇంకో వరస కూడా ఉంది. పన్నడం కాదు, పన్నించడం. ప్రేరణార్థకం. గుర్రాన్నో ఏనుగునో కట్టి సిద్ధపరచడం పన్నడమైతే, ఇంకొకరి చేత ఆ పని చేయించడం పన్నించడం. దీనికి ముందు మాట ఏమిటి? ‘పరివారంబును జీరడు’. పనివాళ్ళనే పిలవకపోతే వాహనాన్ని ఎవరు సిద్ధం చేస్తారు? మొదటి మాటలోంచి రెండో మాట పుట్టింది. ‘మన్నింప’ అంటే ఆ ముడి ఊడిపోతుంది. ఇంత సూక్ష్మంగా అల్లినవాడు పోతన. అందుకే ఆయన్ని సహజపండితుడన్నారు.

స్కోరుబుక్కు:
పల్లెపొద్దు గారూ, మీకు తెలియకుండానే నా పత్రం సగం రాసిపెట్టారు! బేస్‌బాల్‌లో జరిగేది అచ్చం ఇదే. రిలీవర్ తనంతట తాను సిద్ధమవడు. మేనేజర్ డగౌట్‌లోంచి (జట్టు కూర్చునే చోటు) బుల్‌పెన్‌కి (రిలీవర్లు వార్మప్ చేసే చోటు) ఫోన్ చేస్తాడు, అక్కడి కోచ్ పిచర్‌ని లేపి వార్మప్ చేయిస్తాడు. పన్నించడమంటే అదే. అయితే ముందున్న పిచర్‌కి హఠాత్తుగా దెబ్బ తగిలితే ఫోన్ చేసే వ్యవధే ఉండదు. రిలీవర్ నేరుగా మౌండ్ (పిచర్ బంతి విసిరే దిబ్బ) మీదికి రావాల్సిందే. అలాంటప్పుడు వార్మప్‌కి అంపైర్ అవసరమనుకున్నన్ని బంతులు వేసుకోనివ్వమని రూల్ ఉంది. కాబట్టి ‘బన్నింపడు’ ఎమర్జెన్సీ రిలీఫ్‌కి అతికినట్టు సరిపోతుంది.

కంఠస్థం:
మీ ఆటకి సరిపోయినంత మాత్రాన పాఠం నిర్ణయం కాదు కదా బాబూ.

అచ్చుతప్పు:
ఆలస్యంగా చూశాను. ‘మన్నింప’ ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. నా ఊహ ఇది. అదే ఘట్టంలో ‘లావొక్కింతయు లేదు’ ఉంది. దాని మూడో పాదం గుర్తు తెచ్చుకోండి:

నీవే తప్ప నితఃపరం బెఱుగ మన్నింపం దగున్ దీనునిన్

ఈ రెండు పద్యాలూ పిల్లలకి జంటగానే నేర్పుతారు. గజేంద్రుడు ‘మన్నింపం దగున్’ అని వేడుకున్నాడు. రెండో పద్యంలో దాదాపు అదే పలుకు, ఒక్క అక్షరం తేడా. నాలుక పాత దారిలోకి జారిపోతుంది. కంఠస్థం గారి అమ్మమ్మగారు తప్పు చెప్పలేదు. ఒక పద్యంలో ఒప్పయిన మాటని పక్క పద్యంలోకి తీసుకొచ్చారు.

మత్తేభం:
బాగుంది. నేను దీనికి ఒకటి జోడిస్తాను. ‘లావొక్కింతయు’ శార్దూలం, అందులో యతి పదమూడో అక్షరం. అక్కడ ‘నీ’కి మైత్రి ‘న్నిం’తో పడింది, అంటే మాటలో రెండో అక్షరం. ఇక్కడ పడింది మొదటి అక్షరం మీద. అందుకే ఆ పద్యంలో నోరు జారినా యతి పట్టించదు, ఇక్కడ పట్టిస్తుంది.

నాలుకబడి:
అంత దూరం పోనక్కర్లేదండీ. ‘తింబన్నింప’ని గబగబా అనండి, ‘తిమ్మన్నింప’ అవుతుంది. కుంభకారుడు కుమ్మరి కాలేదా? ‘ంబ’ అనేది ‘మ్మ’ కావడం తెలుగు నోటికి అలవాటు.

అచ్చుతప్పు:
కుమ్మరికి వందల ఏళ్ళు పట్టింది. హరికథలో ఒక్క పూటలో జరగదు. పైగా ‘తిం’ దగ్గర సున్నా మీద ఊపిరి ఆపి మరీ పాడతారు.

నాలుకబడి:
మీరు విన్న భాగవతార్లు ఆపి ఉంటారు. మా వైపు ఆపరు.

చాటుపద్యం:
ఇంత చర్చలో శ్రీనాథుడి కథ ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. ఈ పద్యం విని ఆయన నవ్వాడట. ‘శంఖం లేదు, చక్రం లేదు, వాహనం లేదు, మీ స్వామి అక్కడికి పోయి ఏం చేస్తాడు బావా, వేడుక చూస్తాడా?’ అన్నాడట. పోతన అప్పుడేమీ అనలేదు. శ్రీనాథుడు భోజనం చేస్తుండగా బావిలో పెద్ద రాయి పడేసి, ‘నీ పిల్లవాడు బావిలో పడ్డాడు’ అని కేకేశాడు. శ్రీనాథుడు ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. ‘తాడేదీ, నిచ్చెనేదీ?’ అని పోతన అడిగాడు. పద్యానికి ఇంతకన్నా వ్యాఖ్యానం ఏం కావాలి? తాడూ నిచ్చెనా సిద్ధం చేసుకోకపోవడమే కథలో అసలు విషయం. ‘పన్నింపడు’ అన్నదానికే బలం.

అచ్చుతప్పు:
కథ నాకూ ఇష్టమే. కానీ అది చాటుకథ. వాళ్ళిద్దరూ బావాబావమరుదులన్నదానికి ఆధారం లేదు. దానితో పాఠనిర్ణయం చేయకూడదు.

చాటుపద్యం:
ఆధారం లేకపోయినా పద్యం చదివినవాడు ఎలా అర్థం చేసుకున్నాడో కథ చెబుతుంది కదా. అదీ సాక్ష్యమే. అసలు ఒంటిమిట్టలో ఆ బావి...

పల్లెపొద్దు:
ఒంటిమిట్ట అనకండి. ఏకశిలానగరమంటే ఓరుగల్లు, పోతన ఊరు బమ్మెర.

మత్తేభం:
ఈ గొడవ ఇక్కడ వద్దు. మొదలైతే నెల తిరిగినా ఆగదు. పిచర్ దగ్గరికి రండి.

ధనుర్మాసం:
నేను బేస్‌బాల్ వైపు నుంచి మాట్లాడతాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న ఆట. పద్యం సంగతి తర్వాత, అసలు ఆ అవార్డు ఎకర్స్‌లీకి ఎలా ఇచ్చారు? నిజం సీజన్‌లో చికాగో వైట్ సాక్స్ బాబీ థిగ్‌పెన్‌కి 57 సేవ్‌లు. అప్పటిదాకా ఎవరూ అంతదాకా వెళ్ళలేదు, 2008లో ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్ 62 చేసేదాకా ఆ రికార్డు నిలిచింది. ఆ ఏడాది అమెరికన్ లీగ్ రిలీఫ్ అవార్డు కూడా థిగ్‌పెన్‌దే. మొర పెట్టుకున్న ప్రతిసారీ వచ్చినవాడు అతనే కదా!

స్కోరుబుక్కు:
ధనుర్మాసం గారూ, ఇది 1990 కాదు, 1990 కార్డులతో ఆడుతున్న మా సీజన్. ఎకర్స్‌లీ కార్డు చేతిలో పట్టుకుని చూడండి. ఆ ఏడాది అతను 73 ఇన్నింగ్స్‌కి కాస్త పైన వేశాడు, 73 మందిని స్ట్రైకౌట్ చేశాడు, ఊరికే బేస్ ఇచ్చింది (దాన్నే ‘వాక్’ అంటారు) నలుగురికే. ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఫీల్డింగ్ తప్పిదాలవి కాకుండా) 0.61. కార్డు మూడు నిలువు వరసల్లోనూ ‘వాక్’ అన్న మాట కోసం వెతుక్కోవాలి. తెల్ల పాచికలో 4 పడగానే అవతలి జట్టు వాళ్ళ మొహం మాడిపోతుంది. థిగ్‌పెన్‌ది మంచి కార్డే, ఈఆర్‌ఏ 1.83. కానీ మా సగం సీజన్లో ఓట్లు వేసినవాళ్ళు సేవ్‌ల సంఖ్య కన్నా, వచ్చాక ఏం జరిగిందన్నది చూశారు. నేనూ అలాగే వేశాను, సరైన ఓటనే అనుకుంటున్నాను.

ధనుర్మాసం:
సరే. అయితే ‘ఉత్సాహి’ అన్న మాట థిగ్‌పెన్‌కే తగుతుంది. 77 సార్లు వచ్చాడు మనిషి. ఉత్సాహం అంటే సంస్కృతంలో పూనిక, పదే పదే పూనుకోవడం. ఎకర్స్‌లీకి ఇంకేదైనా చూడండి.

కంఠస్థం:
ఉత్సాహం వీరరసానికి స్థాయీభావం. పదే పదే అన్న అర్థం దానికి లేదు. ఒక్కసారి పూనుకున్నా ఉత్సాహమే. పద్యంలో స్వామి కదిలింది ఒక్కసారే.

ధనుర్మాసం:
ఒప్పుకున్నాను. ఓటు విషయం మాత్రం ఒప్పుకోను.

పల్లెపొద్దు:
మిగతా అవార్డులకి ఏం వేస్తున్నారు?

స్కోరుబుక్కు:
హోమ్‌రన్‌ల అవార్డు డెట్రాయిట్ సెసిల్ ఫీల్డర్‌ది. 1989లో జపాన్ వెళ్ళి హాన్షిన్ టైగర్స్‌కి ఆడి వచ్చాడు, మరుసటేడు 51 హోమ్‌రన్‌లు. అతనికి ‘లావు’ అన్న మాటతో ఏదైనా కావాలి. ఒళ్ళు అన్న అర్థంలో కాదు, గజేంద్రుడి ‘లావు’, అంటే బలం. బేస్‌లు దొంగిలించేది (పిచర్ బంతి వేసేలోపు తర్వాతి బేస్‌కి పరిగెత్తేది) రికీ హెండర్సన్, ఆ ఏడాది నిజం సీజన్‌లో 65. అతనికి ‘అడిగెదనని కడువడిజను’ అనుకున్నాం.

అచ్చుతప్పు:
హెండర్సన్‌కి ఆ పద్యమా! అందులో లక్ష్మి రెండడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ వేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ‘అడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్’. దొంగిలించేవాడు ఆగితే దొరికిపోతాడు కదా?

స్కోరుబుక్కు:
కాదండీ, అందుకే వేశాను! ఫస్ట్ బేస్ వదిలి ఒక అడుగు, రెండు అడుగులు, పిచర్ తల తిప్పగానే వెనక్కి, మళ్ళీ ఒక అడుగు. దాన్ని ‘లీడ్’ తీసుకోవడం అంటారు. హెండర్సన్ చేతివేళ్ళు గాలిలో కదుపుతూ నిలబడేవాడు. వెళ్ళేది రెప్పపాటు, అంతకు ముందున్నదంతా ఈ అడుగిడడం, అడుగిడకపోవడమే. ‘డ’ మీద ‘డ’ పడుతుంటే నాకు బూట్లు మట్టిలో కదులుతున్నట్టే వినిపిస్తుంది.

కంఠస్థం:
ఇది మాత్రం నచ్చింది. ఈ ఒక్కదానికీ మీ లీగ్ వాళ్ళకి నా అభినందనలు.

నాలుకబడి:
మూల ప్రశ్న పక్కకి పోయింది కానీ, మొదటి పద్యం మూడో పాదంలో ఒక మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. మత్తేభం గారు ‘ప్రోద్ధత’ అని వేశారు, నేను చదివింది ‘వివాదప్రోత్థిత’. మీ యతి ఇక్కడేం చెబుతుంది?

మత్తేభం:
ఏమీ చెప్పదు. ద్ధ అయినా త్థి అయినా అదే లఘువు, యతిస్థానమూ కాదు. వివాదంలో ఆమె లేచింది అంటే ‘ప్రోత్థిత’, గర్వంగా నిలిచింది అంటే ‘ప్రోద్ధత’. నా మనసు ‘ప్రోద్ధత’ వైపే ఉంది. కారణం అడిగితే వినికిడి తప్ప మరోటి చెప్పలేను.

కంఠస్థం:
చూశారా, ఇక్కడికొచ్చేసరికి వినికిడే ప్రమాణమైంది. నా ‘మన్నింప’కి మాత్రం పనికిరాలేదు!

మత్తేభం:
అక్కడ యతి ఉంది, ఇక్కడ లేదు. యతి లేనిచోట వినికిడే దిక్కు, అందులో తప్పేముంది?

అచ్చుతప్పు:
‘బన్నింప’కి ఇంకో ఆధారం తర్వాతి పద్యంలో ఉంది. ‘తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుడు’. గరుత్మంతుడు వెనకాలే వచ్చేశాడు. సిద్ధం చేయించలేదు కాబట్టి ఎక్కలేదు, ఎక్కలేదు కాబట్టి అతను వెనక రావాల్సి వచ్చింది. ఆ తర్వాత ‘వాని పొంతను ధనుఃకౌమోదకీ శంఖచక్రనికాయంబు’. సంధించని శంఖచక్రాలు కూడా వెనకే వచ్చాయి. మొదటి పద్యంలో వదిలేసినవన్నీ రెండోదానిలో ఒక్కొక్కటిగా చేరుకుంటున్నాయి.

కంఠస్థం:
మన్నించకపోయినా వెనకే వస్తాడు. అలిగినా వస్తాడు. భక్తుడు కదా.

పల్లెపొద్దు:
ఆ పద్యంలో నాకు ఎప్పటినుంచో అర్థం కానిది చివర ‘వచ్చి రొయ్యన’. ఒయ్యన అంటే మెల్లగా. స్వామి తల కూడా సర్దుకోకుండా పరిగెడుతుంటే వైకుంఠమంతా మెల్లగా రావడమేమిటి?

మత్తేభం:
ఒయ్యన అంటే ఇక్కడ వరసగా, ఒకరి వెనక ఒకరు అని.

కంఠస్థం:
ఎక్కడుంది ఆ అర్థం? ఒయ్యన అంటే చప్పుడు లేకుండా. ఏం జరుగుతోందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు, అందుకని.

నాలుకబడి:
మా వైపు ‘ఒయ్యారం’ ఉంది, దానికీ దీనికీ ధాతువు ఒకటేనేమో.

మత్తేభం:
కాదు. దీనికి వేరే చర్చ పెట్టండి, రాత్రికి ప్రయోగాలు వెతికి వేస్తాను.

స్కోరుబుక్కు:
అందరికీ ధన్యవాదాలు. పత్రం మీద ‘బన్నింప డాకర్ణికాంతర’ అనే వేస్తున్నాను. యతి మాట నాకు నమ్మకం కలిగించింది. కంఠస్థం గారూ, మా లీగ్‌లో ఇద్దరు మీ పక్షమే ఉన్నారు, వాళ్ళ ప్రతుల్లో ‘మన్నింప’ కావాలని పట్టుబడుతున్నారు. ధనుర్మాసం గారూ, రెండో సగంలో వైట్ సాక్స్ జట్టుకి మేనేజర్ ఖాళీ ఉంది. వస్తానంటే థిగ్‌పెన్ కార్డు మీదే.