డ్రయ్యర్‌లో 4 డిగ్రీలు చూపిస్తోంది, లైన్‌లో మాత్రం నీళ్లు

జీడిమెట్ల కోటింగ్:
అందరికీ నమస్తే. మాది జీడిమెట్లలో పౌడర్ కోటింగ్ షాపు. 20 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్, రిసీవర్ ట్యాంకు, ఆ తర్వాత రిఫ్రిజిరేటెడ్ ఎయిర్ డ్రయ్యర్ (గాలిని చల్లబరిచి తేమ తీసేసేది). కొన్ని రోజులుగా పౌడర్ చల్లే గన్ దగ్గర నీటి చుక్కలు వస్తున్నాయి, పౌడర్ ముద్దకట్టి పీసులు రిజెక్ట్ అవుతున్నాయి. డ్రయ్యర్ ఆగలేదు, డిస్‌ప్లేలో 4 డిగ్రీలే ఉంది. మెకానిక్ చూసి డ్రయ్యర్‌ని చల్లబరిచే గ్యాస్ తగ్గింది, నింపాలంటున్నాడు. నింపించేయనా? డెలివరీ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

సర్వీస్ అన్న:
ఆగండి, గ్యాస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన సర్క్యూట్‌లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే, లీకు పట్టకుండా నింపితే మళ్లీ పోతుంది. పైగా గ్యాస్ బాగా తగ్గితే గాలి సరిగా చల్లబడదు, మామూలుగా ఆ అంకె పైకి వెళ్లాలి. మీకు 4 దగ్గరే నిలబడిందంటే తేమ నీరుగా మారుతోంది కానీ ఆ నీరు బయటికి పోవట్లేదు, నా అనుమానం ఆ నీటిని దానంతటదే బయటికి వదిలే ఆటో డ్రెయిన్ మీదే. టెస్ట్ బటన్ నొక్కండి. ముందు నీళ్లు విసురుగా, వెనకే గాలి రావాలి. ఏమీ రాకపోయినా, సన్నగా బుస్సుమన్నా జాలీ మూసుకుపోయినట్టు. ట్యాంకు తుప్పు, కంప్రెసర్ ఆయిల్ కలిసి నల్లటి జిగురు బురదగా పేరుకుంటాయి అక్కడ. డ్రెయిన్ ముందున్న బాల్ వాల్వ్ కట్టేసి, మిగిలిన ప్రెషర్ వదిలాకే విప్పండి, ఇది మాత్రం మరవద్దు.

ప్లాంట్ మెయింటెనెన్స్:
బైపాస్ వాల్వ్ కూడా చూడండి సార్. సర్వీసప్పుడు తెరిచి పూర్తిగా కట్టకపోతే తడిగాలి డ్రయ్యర్‌ని తప్పించుకుని నేరుగా లైన్‌లోకి పోతుంది, డిస్‌ప్లే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

బాలానగర్ టూల్స్:
నీళ్లు మధ్యాహ్నం పూటే వస్తున్నాయా? డ్రయ్యర్ల స్టాండర్డ్ ఐఎస్ఓ 7183లో ఒక లెక్క ప్రకారం డ్రయ్యర్ కెపాసిటీ చెప్పేది లోపలికొచ్చే గాలి 35, గది 25 డిగ్రీలు, 7 బార్ అనుకుని. మన రేకుల షెడ్డులో మే నెలలో ఆ 25 ఎక్కడిది? తేమ నిండిన గాలిలో 40 డిగ్రీల దగ్గర ఘనమీటరుకి 51 గ్రాముల దాకా నీరుంటుంది, 50 దగ్గర 83 గ్రాములు. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ దుమ్ముపట్టి గాలి వేడిగా వస్తే డ్రయ్యర్ మీద అంత భారం పెరిగిపోతుంది. డ్రయ్యర్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫిన్లు (పల్చటి రేకులు) కూడా లోపలి నుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేయించండి. మీ షాపులో పౌడర్ ఎగురుతుంది కాబట్టి మామూలు కంటే ముందే మూసుకుపోతాయి.

జీడిమెట్ల కోటింగ్:
బటన్ నొక్కితే చుక్క కూడా రాలేదు! విప్పితే జాలీ నిండా బురద. కడిగి బిగించాక బకెట్‌లోకి నీళ్లు ధారగా వచ్చాయి. బైపాస్ గట్టిగానే ఉంది. కానీ గన్ దగ్గర ఇంకా కొంచెం తడి ఉంది అన్నా.

సర్వీస్ అన్న:
అది పైపుల్లో ముందే చేరిన నీరు. లైన్‌లో కింద ఉన్న డ్రెయిన్ పాయింట్లన్నీ తెరిచి వదలండి, ఫిల్టర్ ఎలిమెంట్ తడిసి ఉంటే మార్చేయండి, గన్ విప్పి ఆరబెట్టాకే పౌడర్ వేయండి. టైమర్ డ్రెయిన్ అయితే వర్షాకాలం అయ్యేదాకా ఇంకాస్త తరచుగా తెరుచుకునేలా పెట్టండి. రేపటి నుంచి ఉదయం కంప్రెసర్ కంటే ముందు డ్రయ్యర్ ఆన్ చేసి, అది చల్లబడ్డాకే గాలి వదలండి.