బంగారు పూతను ప్రోగ్రాములో పది పొరలుగా రాస్తే వెనుదిరిగే ఎలక్ట్రాన్లు ఎందుకు పెరుగుతున్నాయి?

ప్రశ్న:
సిలికాన్ మీద 20 నానోమీటర్ల బంగారు పూత ఉన్న నమూనాపై 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పుంజం పడితే ఎన్నో వంతు ఎలక్ట్రాన్లు వెనుదిరుగుతాయో లెక్కించడానికి మాంటే కార్లో ప్రోగ్రాము (ఒక్కో ఎలక్ట్రాన్ దారిని యాదృచ్ఛిక సంఖ్యలతో అనుకరించేది) రాసుకున్నాను. పరిక్షేపణకు (పరమాణువు ఎలక్ట్రానును మళ్లించడానికి) మాట్ సూత్రాన్ని, శక్తి నష్టానికి జాయ్, లువో సవరించిన బేథే సూత్రాన్ని వాడుతున్నాను. మందపాటి సిలికానుకు 0.18, మందపాటి బంగారానికి 0.5 దరిదాపుల్లో విలువలు వస్తున్నాయి కాబట్టి మూల లెక్క మీద నాకు అనుమానం లేదు. అయితే అదే పూతను 2 నానోమీటర్ల చొప్పున పది బంగారు పొరలుగా ప్రోగ్రాములో రాసినప్పుడు, పదార్థమూ మొత్తం మందమూ మారకపోయినా, వెనుదిరిగేవి పెరుగుతున్నాయి. పదివేల ఎలక్ట్రాన్లకు బదులు పది లక్షలు పంపినా ఆ తేడా పోలేదు. ఎలక్ట్రాన్ వేసే అడుగు (ఒక పరిక్షేపణ నుంచి తరువాతి దాని వరకు నడక) పొరల సరిహద్దును దాటేటట్టుంటే దానిని అక్కడ ఆపి, ఆ బిందువు నుంచి తరువాతి పొర విలువలతో మళ్లీ మొదలుపెడుతున్నాను.

మొదటి జవాబు:
ఆపడంలో తప్పు లేదు. ఆపిన చోట దిశను కూడా మారుస్తున్నారేమో చూడండి. సరిహద్దు మనం గీసుకున్న గీత మాత్రమే, అక్కడ ఎలక్ట్రానును మళ్లించే పరమాణువు లేదు. బంగారంలో సగటు స్వేచ్ఛాపథం (రెండు పరిక్షేపణల మధ్య సగటు దూరం) ఈ శక్తి దగ్గర కొన్ని నానోమీటర్లే ఉంటుంది, కనుక 2 నానోమీటర్లకొక గీత గీస్తే చాలా అడుగులు ఏదో ఒక గీతను తాకుతాయి, ప్రతి తాకిడికీ లేని పరిక్షేపణ ఒకటి వచ్చి చేరుతుంది. దిశను అలాగే ఉంచి, నడిచిన మేరకే శక్తి తగ్గించి, కొత్త పొర స్వేచ్ఛాపథంతో మరో యాదృచ్ఛిక సంఖ్య తీసుకోండి. అడుగుల పొడవులు ఘాతీయ వితరణను అనుసరిస్తాయి కనుక అంతవరకు నడిచిన దూరానికి ఇక జ్ఞాపకం ఉండదు, మళ్లీ ఎంచుకున్నా లెక్క చెడదు. మిగిలిన దూరాన్ని రెండు స్వేచ్ఛాపథాల నిష్పత్తితో గుణించి కొనసాగించినా అదే ఫలితం వస్తుంది.

రెండవ జవాబు:
ఆ సవరణ తరువాత పది పొరల పరీక్ష ఒక్కదానితో తృప్తి పడవద్దని నా మనవి, ఎందుకంటే రెండు పక్కలా ఒకే పదార్థం ఉన్నప్పుడు స్వేచ్ఛాపథం మార్చడం మరచినా ఆ పరీక్ష పట్టుకోదు. పూత మందాన్ని సున్నా చేసినా, బాగా పెంచినా కూడా ఆ తప్పు బయటపడదు. 20 నానోమీటర్ల మందాన్ని అలాగే ఉంచి బంగారం సాంద్రతను వెయ్యో వంతుకు తగ్గించి చూడండి. అప్పుడది 0.02 నానోమీటర్ల బంగారంతో సమానం, కనుక ఫలితం దాదాపుగా ఒట్టి సిలికాన్ విలువకే రావాలి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దిశ మార్పు నిజంగానే సరిహద్దు దగ్గర జరుగుతోంది. పరిక్షేపణ ఫంక్షనును అడుగు ముగిసిన ప్రతిసారీ పిలుస్తున్నాను. దానిని తీసివేసి, మిగిలిన దూరాన్ని గుణించకుండా ఉన్నదున్నట్టుగా కొనసాగించినప్పుడు పది పొరల తేడా గణాంక దోషంలో కలిసిపోయింది (పదివేల ఎలక్ట్రాన్లకు ఆ దోషం సుమారు 0.004). కానీ సాంద్రత తగ్గించిన బంగారం పరీక్షలో విలువ సిలికాన్ కన్నా బాగా కిందికి పడింది. వెయ్యి రెట్లు పెరిగిన స్వేచ్ఛాపథంతో తీసుకున్న అడుగు, సిలికానులో ఒక్క పరమాణువునూ తాకకుండా మైక్రోమీటర్ల లోతుకు దిగిపోతోంది. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు సిలికానులో ఎలక్ట్రాన్లు చొచ్చుకుపోయే మొత్తం పరిధే కనయ, ఒకయామా సూత్రం ప్రకారం 4.7 మైక్రోమీటర్లు కాబట్టి, అంత లోతు నుంచి తిరిగి వచ్చేవి చాలా తక్కువ. ఇప్పుడు సరిహద్దు దగ్గర కొత్త యాదృచ్ఛిక సంఖ్య తీసుకుంటున్నాను, రెండు పరీక్షలూ నిలబడ్డాయి.