అప్‌డేట్: ఒంటరి విదేశీ ప్రయాణం పూర్తయింది

చదువు మధ్యలో వచ్చే సెలవుల్లో ఒక్కదాన్నే, తక్కువ ఖర్చుతో విదేశం వెళ్లి రాగలనా అని అడిగాను కదా. వెళ్లాను, క్షేమంగా తిరిగి వచ్చాను.

మీరు చెప్పినవాటిలో ముందుగా అక్కరకు వచ్చింది తిరుగు టికెట్ కాగితం. బోర్డింగ్ పాస్ ఇచ్చే ముందే అడిగారు. పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉందా అని కూడా చూశారు.

ఏటీఎం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. డబ్బు తీసేటప్పుడు, మీ సొంత కరెన్సీలో లెక్కించమంటారా అని తెర మీద ఎంతో మర్యాదగా అడుగుతుంది. ఆ మర్యాదకు లొంగకండి. ఒప్పుకుంటే మారకపు రేటు ఆ యంత్రం తరఫువాళ్లు నిర్ణయిస్తారు, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. స్థానిక కరెన్సీని ఎంచుకుంటే లెక్క మన కార్డు వైపు రేటుకు జరుగుతుంది.

రాత్రి రైల్లో ప్రయాణం చేయమన్న మీ సలహా మాత్రం నాకు సగమే నచ్చింది. గది అద్దె మిగిలే మాట నిజమే, కానీ కూర్చునే సీటులో వెళ్తే మర్నాడంతా నిద్రమత్తే. బెర్తు దొరికితేనే ఎక్కండి. ప్రయాణికుల హాస్టల్లో ఆడవాళ్లు మాత్రమే కలిసి ఉండే డార్మిటరీకి కాస్త ఎక్కువే కట్టాను. ఆ ఖర్చుకు నాకేమీ బాధ లేదు. విద్యార్థి గుర్తింపు కార్డు మ్యూజియాల దగ్గర పనికొచ్చింది, బస్సుల్లో ఎవరూ పట్టించుకోలేదు.