ప్లే స్టోర్ బయట నుంచి యాప్‌లు ఎక్కించుకోవడం: ఉండనివ్వాలా, మూసేయాలా?

మద్దిలపాలెం మాస్టారు:
గూగుల్ 2025 ఆగస్టులో చెప్పిన మాట మీరూ వినే ఉంటారు. గుర్తింపు చూపించుకున్న డెవలపర్ల యాప్‌లే ఇకమీద మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కుతాయట, స్టోర్ నుంచి వచ్చినా బయట నుంచి వచ్చినా అంతే. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామన్నారు. నాకిది మింగుడు పడటం లేదు. సెలవుల్లో మేం కొందరం పాడేరు పైన ఊళ్లలో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్తుంటాం, ఘాట్ ఎక్కాక కొన్నిచోట్ల సిగ్నల్ కావాలంటే గట్టెక్కి నిలబడాలి. అక్కడ స్టోర్ నుంచి దించుకోమంటే ఎలా కుదురుతుంది? నిఘంటువు, మ్యాపు, వీడియో ప్లేయరు ఇక్కడే దించి, మెమరీ కార్డులో వేసుకెళ్లి ఒక్కో ఫోన్‌లో ఎక్కిస్తాం. ఆ దారి ఉండి తీరాలి.

డాబాగార్డెన్స్ రిపేర్ షాప్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఒక్కరోజు మా కౌంటర్ దగ్గర కూర్చోండి. పోయిన నెల ఒక ఆటో అన్న వచ్చాడు. వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్, అంటే నొక్కితే యాప్ ఎక్కిపోయే ఫైల్ వచ్చింది, ఆటో నంబరు కూడా కరెక్టుగా ఉంది, ఇంక అనుమానం ఎందుకొస్తుంది? ఇన్‌స్టాల్ నొక్కాడు, ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే అదీ ఇచ్చేశాడు, తర్వాత చూస్తే ఐకానే లేదు. ఓటీపీలు వచ్చినవి వచ్చినట్టు అవతలికి పోయాయి, తెల్లారేసరికి ఖాతాలో ఏమీ లేదు. నేనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలిపి మాట్లాడించాను. పెళ్లి శుభలేఖ అని ఒకటి, పీఎం కిసాన్ అని ఒకటి, కేవైసీ అని ఒకటి, పేరు మారుతుందంతే. మీ పది ఊళ్ల కోసం ఇంతమంది మునిగిపోవాలా? మూసేయడమే మంచిది.

గాజువాక ఇంజినీరింగ్:
అన్నా, వాటికి అడ్డు ఇప్పటికే వేశారు కదా. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి యాప్‌కి యాక్సెసిబిలిటీ పర్మిషన్, అంటే స్క్రీన్ చదివి మన బదులు నొక్కే అధికారం, అంత తేలిగ్గా ఇవ్వనివ్వదు. ఎస్సెమ్మెస్ లాంటివి అడిగే యాప్ బ్రౌజర్ నుంచో, మెసేజ్‌లోంచో వస్తే, ఫోన్‌లో యాప్‌లను తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ దాన్ని ఆపేసేలా మన దేశంలో కూడా పెడతామని 2024 అక్టోబరులో చెప్పారు. నాకు మాత్రం ఇంకో టెన్షన్ ఉంది. నేను చేసిన చిన్న యాప్ మా క్లాసువాళ్లకి ఇవ్వాలన్నా గుర్తింపు కాగితాలు పంపాలా? విద్యార్థులకు వేరే ఖాతా ఇస్తామన్నారు, అయినా అడగాల్సింది గూగుల్‌నే కదా.

డాబాగార్డెన్స్ రిపేర్ షాప్:
తమ్ముడూ, ఆ మోసగాళ్లు ఫోన్ చేసి, లైన్లో ఉంచి మరీ ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయిస్తారు. భయపడినవాడు చెప్పిందల్లా చేస్తాడు.

మద్దిలపాలెం మాస్టారు:
మీరు చెప్పిన ఆటో అన్న కథ చదివి కడుపు తరుక్కుపోయింది, అందులో ఒక్క ముక్క కాదనను. కానీ ఆ ఫైల్ వచ్చింది నెట్‌లో, ముక్కూమొహం తెలియని నంబరు నుంచి. మేం చేసే పని వేరు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌నే తీసుకోండి. తయారీదారు సొంత సైట్లోనే ఫైల్ పెడతారు, పక్కనే షా-256 అని ఆ ఫైల్‌కి వేలిముద్ర లాంటి ఒక పొడవాటి అంకె ఉంటుంది. దించాక ల్యాప్‌టాప్‌లో దాన్ని సరిచూస్తాం, ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పక్కన పడేస్తాం. పై ఊళ్లలో పాత ఫోన్లు ఎక్కువ, అందుకని కొత్త ప్రాసెసర్లకు 64 బిట్‌ది, పాతవాటికి 32 బిట్‌ది రెండూ పట్టుకెళ్తాం, లేకపోతే అంత దూరం వెళ్లాక సగం ఫోన్లలో ఎక్కదు. మా ఫోన్‌లో స్టోర్ నుంచి పెట్టుకున్న యాప్‌ని కాపీ చేసి ఇవ్వడం కూడా చాలాసార్లు కుదరదు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు స్టోర్లో ముక్కలుగా వస్తున్నాయి, ఫోన్‌ని బట్టి స్క్రీన్‌కొక ముక్క, భాషకొక ముక్క, ప్రాసెసర్‌కొక ముక్క. అసలు ముక్క ఒక్కటే ఇస్తే ఎక్కదు, ఎక్కినా తెరవగానే మూసుకుపోతుంది.

ఎఫ్-డ్రాయిడ్ అనే ఇంకో యాప్ స్టోర్ అయితే ఇంకా హాయి. 2010 నుంచి ఉంది, కోడ్ బయటపెట్టిన యాప్‌లే అందులో ఉంటాయి. పక్కనున్న ఫోన్‌కి నెట్ లేకుండా వైఫై మీదే యాప్‌లు ఇచ్చే వసతి అందులోనే ఉంది. ఒకటి గుర్తుంచుకోవాలి, అక్కడి యాప్‌లలో చాలావాటి మీద డిజిటల్ సంతకం, అంటే ఎవరు ఇచ్చారో ఫోన్‌కి తెలిపే ముద్ర, ఎఫ్-డ్రాయిడ్ వాళ్లదే. అందుకని స్టోర్ నుంచి తెచ్చిన దాని మీద అది ఎక్కదు, పాతది తీసేయాలి, అందులో దాచుకున్నవి పోతాయి. సంతకం కలవకపోతే ఫోన్ ఒప్పుకోదు. మన యాప్‌కి అప్‌డేట్ అని చెప్పి వేరేవాడు తెచ్చి పెట్టకుండా కాపాడేది కూడా అదే. ఇక బయటి యాప్‌లు ఎక్కించే పర్మిషన్ సంగతి: 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్ మొత్తానికి ఒకే స్విచ్ లేదు, ఒక్కో యాప్‌కి విడిగా ఇవ్వాలి. మేం ఫైల్ మేనేజర్‌కి ఇస్తాం, పని అవగానే తీసేస్తాం, వాట్సాప్‌కి మాత్రం ఎప్పుడూ ఇవ్వం. మీ కౌంటర్‌కి వచ్చిన ప్రతి ఫోన్‌లో వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి ఆ పర్మిషన్ ఉందేమో చూసి తీసేస్తే ఎంతమందిని కాపాడతారో ఆలోచించండి.

జాలరిపేట:
హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోనూ లేదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న ఫైలే దిక్కు. మా బోట్లవాళ్లు తీరం దాటితే సిగ్నల్ ఉండదు, మ్యాపులన్నీ ముందే ఎక్కించుకుని పోతారు. నేను మాస్టారి పక్షమే.

డాబాగార్డెన్స్ రిపేర్ షాప్:
వాట్సాప్ పర్మిషన్ మాట బాగుంది, రేపటి నుంచే చూస్తాను. కానీ కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఎక్కించే దారి ఉంచుతామన్నారు, తెలిసినవాళ్లకు హెచ్చరికలతో వేరే దారి ఇస్తామని 2025 నవంబరులో కూడా చెప్పారు. మీకది చాలదా?

మద్దిలపాలెం మాస్టారు:
కేబుల్ దారి చాలదు. ప్రతి ఫోన్‌లో డెవలపర్ సెట్టింగులు తెరిచి ల్యాప్‌టాప్‌కి కలపాలంటే, చదువు చెప్పడానికి వెళ్లినవాళ్లం అదే పని చేస్తూ కూర్చోవాలి. నవంబరులో చెప్పిన దారి నెట్ లేని ఊళ్లో, మామూలు మనిషి చేతిలో పనిచేస్తే నేను ఒప్పుకుంటాను, ఎన్ని హెచ్చరికలు పెట్టినా సరే. బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు మేం ఎవరికీ కార్డు మీద ఇవ్వం, అవి స్టోర్ నుంచే తీసుకోమంటాం. అక్కడ మీరూ నేనూ ఒకటే.