స్కార్పియో ఎన్‌కి 2 అంగుళాల లిఫ్ట్, పెద్ద టైర్లు: వేయించినవాళ్లు చెప్పండి

మన్యం దారి:
బండి స్కార్పియో ఎన్ జెడ్8 డీజిల్. అమ్మానాన్న, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అందరికీ ఇదొక్కటే బండి. మా ఊరు చింతపల్లి దాటి లోపలికి. చివర్లో గ్రావెల్ రోడ్డు వానలకి కొట్టుకుపోయి రెండు పక్కలా లోతుగా గాడులు పడ్డాయి, మధ్యలో మిట్ట మిగిలింది. వెళ్లినప్పుడల్లా కింద గర్రుమని గీసుకుంటోంది. 2 అంగుళాల లిఫ్ట్ కిట్ (బాడీని పైకి లేపే సామాను) వేయించి, ఇప్పుడున్న 255/60 ఆర్18 తీసేసి 255/65 ఆర్18 ఆల్ టెర్రెయిన్ (తారు రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చే) టైర్లు వేయిద్దామని ఉంది. మైలేజీ ఎంత పడుతుంది, ఆర్టీవో వాళ్లతో ఇబ్బంది ఉంటుందా, పెద్దవాళ్లు ఎక్కడం దిగడం ఎలా, లేపడానికి షాకు మీద బిళ్లలా పెట్టే స్పేసరా, కొత్త స్ప్రింగులా, విజయవాడలో చేయించాలా హైదరాబాద్‌లోనా?

ఘాట్‌రోడ్డు రాజు:
ఇంకేం ఆలోచించకుండా చేయించు బ్రో. నాది ఫార్చ్యూనర్. ముందూ వెనకా స్ప్రింగులు, షాకులు మార్పించి 2 అంగుళాలు లేపాను, 265/60 ఆర్18 తీసి 265/65 వేశాను. టైరుతో ఒక అంగుళం, కిట్‌తో రెండు, మొత్తం మూడు అంగుళాలు లేచింది. మారేడుమిల్లి లోపల వాగుల్లో మిగతా బండ్లవాళ్లు దిగి రాళ్లు చూసుకుంటుంటే నేను ఆగకుండా దాటేశాను. మైలేజీ గురించి బెంగ ఉన్నవాడు ఈ పని పెట్టుకోకూడదు.

లెక్కల మాస్టారు:
మూడు అంగుళాలు ఎలా వచ్చాయండీ? 265/60 ఆర్18 (265 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం పక్క ఎత్తు, 18 అంగుళాల రిమ్ము) టైరు ఎత్తు 775 మిల్లీమీటర్లు, 265/65 అయితే సుమారు 802. తేడా 26 చిల్లర. బండి లేచేది అందులో సగమే, 13. అంటే అర అంగుళం. మన్యం దారి గారికీ దాదాపు అంతే, 763 నుంచి 789కి వెళ్తుంది కాబట్టి బండి 13 మిల్లీమీటర్లే లేస్తుంది. మైలేజీ గురించి కూడా ఒక మాట. టైరు పెద్దదైతే ఓడోమీటరు 3 శాతం పైగా కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది. అది కలుపుకోకుండా లెక్క వేసి మైలేజీ బాగా పడిపోయిందని చాలామంది గోల పెడతారు. పడే మాట నిజమే, ఆల్ టెర్రెయిన్ టైరు బరువు కూడా ఎక్కువ, కానీ అందరూ చెప్పేంత కాదు.

ఘాట్‌రోడ్డు రాజు:
నేను టేపు పెట్టి కొలిచాను మాస్టారూ. మీరు కాగితం మీద కొలిచారు.

లెక్కల మాస్టారు:
ఎక్కడ పెట్టి కొలిచారు? పాత టైర్లు అరిగి, పాత స్ప్రింగులు కుంగి ఉన్నప్పుడు ఒకసారి, అన్నీ కొత్తవి వేశాక ఇంకోసారి కొలిస్తే మూడేమిటి, ఇంకా ఎక్కువే వస్తుంది. టైరు కేంద్రం నుంచి నేల దాకా ఉండేది సగం వ్యాసం. ఇందులో వాదించడానికి ఏముంది?

ఘాట్‌రోడ్డు రాజు:
మడ్‌గార్డు అంచు నుంచి నేల దాకా కొలిచాను. కళ్లతో చూసింది చెబుతుంటే అబద్ధమంటారేమిటి? మీరు ఎప్పుడైనా ఒక బండి లేపించారా?

షెడ్డు శీను:
ఇద్దరూ ఆగండి, ఇద్దరూ కొలవాల్సిన చోట కొలవలేదు. ఆటోనగర్‌లో మా నాన్నగారు పెట్టిన షెడ్డు మాది, ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చేస్తున్నది సస్పెన్షన్ పనే. ఫార్చ్యూనర్‌కైనా స్కార్పియో ఎన్‌కైనా వెనక ఉండేది గట్టి యాక్సిల్, అంటే చక్రాలూ, ఇంజిన్ శక్తిని వాటికి పంచే గేర్ల గిన్నె డిఫరెన్షియలూ కలిపి ఒకటే దూలం. స్ప్రింగు పెంచితే దూలం మీద ఉన్న బాడీ లేస్తుంది, దూలం లేవదు. దాని ఎత్తు పెరగాలంటే టైరు ఒక్కటే మార్గం, అదీ మాస్టారు చెప్పిన 13 మిల్లీమీటర్లే. మధ్యలో మిట్ట ఉన్న రోడ్డు మీద ముందు తగిలేది ఆ డిఫరెన్షియల్ గిన్నే. తమ్ముడూ, ముందు బండిని ర్యాంపు ఎక్కించి గీతలు ఎక్కడ పడ్డాయో చూసి చెప్పు, తర్వాత కిట్ సంగతి మాట్లాడదాం.

ఇంకో సంగతి. ఈ బండికి ముందు డబుల్ విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. షాకు కింది ఆర్మ్‌కి మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం చివర ఉంటుంది. అందుకని షాకు పైన ఒక అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెండు అంగుళాలు లేస్తుంది. ఇది తెలియక రెండంగుళాల లిఫ్ట్ అడిగారు కదా అని రెండంగుళాల బిళ్ల పెట్టేవాళ్లు ఉన్నారు. అలా వేయించుకుని మా దగ్గరికి వచ్చిన బండ్లు చూశాను. పై ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ పూర్తిగా వాలిపోయి, చిన్న స్పీడ్ బ్రేకర్ దిగినా ముందు నుంచి టక్కుమని శబ్దం. షాకు చివరి దాకా సాగిపోయి కొట్టుకునే శబ్దం అది. అలైన్‌మెంట్ మెషీన్ మీద ఎక్కిస్తే క్యాంబర్ (చక్రం నిలువు వాలు) సెట్టింగులోకే రాదు.

మిర్చి యార్డు:
శీనన్న యాక్సిల్ బూట్ల (చక్రాన్ని తిప్పే షాఫ్టు కీళ్ల మీద గ్రీజు నిలిపే రబ్బరు తొడుగులు) సంగతి వదిలేశాడు. అసలు దెబ్బ అక్కడే. నాది ఎక్స్‌యూవీ 500, ఒక షెడ్డులో స్పేసర్లు వేయించాను, పేరు చెప్పను. కొన్నాళ్లకే రెండు పక్కలా బూట్లు చిరిగి గ్రీజంతా రిమ్ము లోపలి వైపు చిమ్మింది. స్టీరింగు తిప్పితే టకటక. అడిగితే మీ డ్రైవింగ్ అలాంటిది అన్నాడు. మన్యం దారి బ్రదర్, దయచేసి లిఫ్ట్ జోలికి వెళ్లొద్దు.

షెడ్డు శీను:
వదిలేయలేదు. మీది ముందు చక్రాలు లాగే బండి. ఆయనది 4x2 అయితే వెనక చక్రాలు తోస్తాయి, ముందు యాక్సిల్ షాఫ్టే ఉండదు, బూటు ఎక్కడ చిరుగుతుంది? నాలుగు చక్రాలూ లాగే 4x4 అయితే మీరన్నది నిజమే. ఆయన ఏదో చెప్పలేదు.

మిర్చి యార్డు:
నాకు డబ్బు పోయింది కాబట్టి చెప్పాను. ప్రతిదానికీ తప్పు పట్టాల్సిన పని లేదు.

కరీంనగర్ కోడలు:
ఎవరూ పెద్దవాళ్ల సంగతి ఎత్తడం లేదు కాబట్టి నేను రాస్తున్నా. మా ఆయన మా బండి లేపించాక మా అత్తమ్మ ముందు సీట్లో కూర్చోవడమే మానేసింది. ఎడమ కాలు గుమ్మం మీద పెడుతుంది, పైన పిడి పట్టుకుంటుంది, రెండో కాలు ఎత్తేసరికి చీర కుచ్చిళ్లు మొదటి కాలి కింద ఇరుక్కుని ఉంటాయి. వెనక్కి వంగి వాటిని లాక్కుంటుంటే నేను నడుము పట్టుకోవాలి. ఎక్కడం కంటే దిగడం ఇంకా కష్టం, నేల కనపడదు. ఫుట్ స్టెప్పు వేయించాం కానీ అది బాడీకే బిగిస్తారు కాబట్టి బాడీతో పాటు అదీ పైకే పోయింది. కొనేటప్పుడు కిందికి వేలాడే రకం చూసి కొనండి. లేదంటే ప్లాస్టిక్ స్టూలు బండిలోనే పెట్టుకోండి, మేం అదే చేస్తున్నాం. ఇంకా హెడ్‌లైట్లు. ముందు భాగం లేస్తే వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. రాజీవ్ రహదారి మీద రాత్రిపూట ప్రతి లారీ మాకు డిప్పర్ కొట్టేది, కిందికి దింపించాకే ఆగింది.

నల్లకోటు:
అందరూ నట్లు, బోల్టుల దగ్గరే ఉన్నారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఎని మార్చి రాశారు. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఘాట్‌రోడ్డు రాజు:
ఎన్ని చెక్‌పోస్టులు దాటానో, ఒక్క బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా ఆపలేదు.

నల్లకోటు:
ఆపకపోవడం వేరు, యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి చూడటం వేరు. నా క్లయింటు ఒకాయన బండికి క్లెయిమ్ ఆపేశారు, కారణం కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు. ఇంటిల్లిపాదీ తిరిగే బండి అంటున్నారు, ఆ బండికి ఇన్సూరెన్సు గట్టిగా నిలబడాలి.

టెక్సాస్ బాబాయ్:
ఇక్కడ నా టయోటా ఫోర్‌రన్నర్‌కి రెండున్నర అంగుళాల లిఫ్ట్, పై కంట్రోల్ ఆర్మ్‌లతో సహా వేయించాను. 285/70 ఆర్17 వేస్తే వీల్ వెనక బాడీ మౌంట్‌కి (బాడీని ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్) రాసుకుంటుంది, దాన్ని కొంచెం కోసి వెల్డింగ్ చేయాలి. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు, కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. వారంటీ కూడా, ఆ విడిభాగం వల్లే పాడైందని డీలర్ చూపించాలి తప్ప ఊరికే రద్దు చేయలేడు, దానికి 1975 నుంచే చట్టం ఉంది. అక్కడ మీరంతా అనవసరంగా టెన్షన్ పడుతున్నారు.

మిర్చి యార్డు:
బాబాయ్, చింతపల్లి అవతల ఊరికి వెళ్లే మనిషికి టెక్సాస్ రూల్సు ఎందుకు? ఇక్కడ వారంటీ పోతే షోరూమ్ చుట్టూ తిరగాల్సింది ఆయన.

టెక్సాస్ బాబాయ్:
బాడీ మౌంట్‌కి రాసుకోవడం ఏ దేశంలోనైనా ఒకటే. పెద్ద టైరు వేసేవాళ్లు స్టీరింగు పూర్తిగా తిప్పి, రివర్సులో కూడా తిప్పి చూడమనే నేను చెప్పేది. టెక్సాస్‌లో ఉన్నాను కాబట్టి చెప్పకూడదంటే మానేస్తాను.

షెడ్డు శీను:
బాబాయ్ గారు చెప్పింది సరైన మాటే. రివర్సులో తిప్పితేనే ముందు టైరు లైనర్‌ని (మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్) తగిలేది. అందరూ ముందుకే నడిపి చూసి, బాగుందని డబ్బులిచ్చి వెళ్లిపోతారు.

మన్యం దారి:
ఈరోజు ర్యాంపు ఎక్కించాను. బండి 4x2. గీతలన్నీ వెనక డిఫరెన్షియల్ గిన్నె అడుగునే ఉన్నాయి, పెయింటు లేచి ఇనుము మెరుస్తోంది. ముందు భాగంలో ఒక్క గీత లేదు. అంటే లిఫ్ట్ వేయించినా ఇది ఇలాగే తగులుతుందన్నమాట. శీనన్నా, థాంక్స్. టైర్లు మాత్రం మారుస్తా, ఎలాగూ అరిగాయి.

పల్నాడు పొలం:
ఇంత సేపూ చదివి ఒకటే అడగాలనిపించింది. ఆ గాడుల్లోకి చక్రాలు ఎందుకు దింపుతున్నావు బాబూ? ఒక పక్క చక్రాలు మధ్య మిట్ట మీద, రెండో పక్కవి రోడ్డు అంచు మీద పెట్టి నడుపు. బండి కొంచెం వాలినట్టుంటుంది కానీ అడుగు తగలదు. మేం ట్రాక్టరు గాడుల్లో కారు నడిపేది అలాగే. వాన పడి అంచు మెత్తగా ఉన్నరోజు మాత్రం వద్దు, జారుతుంది. ఊరివాళ్లు నలుగురూ కలిసి గాడుల్లో గ్రావెల్ తోలించుకున్నా ఆ కిట్ ఖర్చులో పనైపోతుంది, ఆటోలకీ, అంబులెన్సుకీ కూడా దారి అవుతుంది.

ఆల్ టెర్రెయిన్ అని మురిసిపోకండి కూడా. మీ ఎర్రమట్టికి, గ్రావెల్‌కి బాగానే ఉంటుంది. మా నల్లరేగడిలో తడి ఉన్నప్పుడు నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాడులన్నీ బంక మట్టితో నిండి అది నున్నగా అయిపోతుంది. అప్పుడు ఎంత ఎత్తున్న బండైనా ట్రాక్టరుతో లాగించుకోవాల్సిందే.

ఘాట్‌రోడ్డు రాజు:
నేను నల్లరేగడిలో కూడా తిరిగాను, గాలి తగ్గిస్తే వెళ్తుంది.

పల్నాడు పొలం:
ఏ ఊళ్లో, ఏ నెలలో తిరిగావో చెప్పు నాయనా. సంక్రాంతికి ఆరిపోయిన రేగడి మీద సైకిలు కూడా వెళ్తుంది.

లెక్కల మాస్టారు:
మన్యం దారి గారూ, టైరు కొనేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) పాతదాని కంటే తగ్గకుండా చూడండి, ఏడుగురు కూర్చునే బండి. స్పీడ్ అక్షరం కొన్ని ఆల్ టెర్రెయిన్‌లకి తక్కువ ఉంటుంది. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు, టీ అంటే 190, ఎస్ అంటే 180. మన రోడ్లకి చాలు కానీ తెలిసి కొనాలి.

మన్యం దారి:
స్టెప్నీ పాత సైజుదే ఉంచితే ఇబ్బందా? నర్సీపట్నంలో ఒక షాపతను ఐదో టైరు కూడా కొనమంటున్నాడు.

షెడ్డు శీను:
కొంటే మంచిదే, కానీ బండి కింద వేలాడదీసే చోట పడుతుందో లేదో ముందు పెట్టి చూసుకో. పాతదే ఉంచితే వెనక చక్రానికి మాత్రం వేసి దూరం పోకు. రెండు వైపులా సైజు తేడా ఉంటే డిఫరెన్షియల్ తిరుగుతూనే ఉండి వేడెక్కుతుంది. వెనకది పంక్చర్ అయితే ముందుది తీసి వెనక్కి వేసి, స్టెప్నీ ముందుకి వేసుకో.

కరీంనగర్ కోడలు:
టైరు పక్కన నాలుగు అంకెలు కూడా చూడండి. మాకు ఒక షాపులో కొత్తవని చెప్పి 2319 ఉన్నవి అంటగట్టబోయారు. అంటే 2019లో 23వ వారంలో తయారైనవి. రబ్బరు గోరుతో నొక్కితే దిగలేదు. ఐదింటి మీదా ఆ అంకెలు చదివాకే బిగించమనండి, కొన్నిసార్లు ఆ వైపు లోపలికి పోతుంది, బిగించాక కనపడదు.