అప్‌డేట్: కోర్సు మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తున్న సమస్య తీరింది

తిరుపతిలో మేం పెట్టిన ఈ-లెర్నింగ్ కంపెనీ చేసిన కోర్సు, క్లయింట్ ఎల్‌ఎంఎస్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) సగం దాటాక ఆపితే మొదటి స్లైడ్‌కే పోతోందని అడిగాను కదా. అందరికీ థాంక్స్. సస్పెండ్ డేటా (ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలవడానికి దాచిపెట్టే సమాచారం) చూడమన్నవారి మాటే నిజమైంది.

కోర్సుకూ ఎల్‌ఎంఎస్‌కూ మధ్య సమాచారం నడిపే ప్రమాణం స్కార్మ్; దాని 1.2 వెర్షన్‌లో సస్పెండ్ డేటా పరిమితి 4096 అక్షరాలు. క్విజ్ జవాబులు, చూసిన స్లైడ్లు, వేరియబుల్స్ అన్నీ అందులోకే చేరతాయి. నిండాక మాకు సేవ్ కాలేదు, పైకి ఎర్రరూ కనిపించలేదు. బ్రౌజర్ కన్సోల్‌లో ఆ స్ట్రింగ్ పొడవు చూస్తేనే బయటపడింది.

స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో 64,000 దాకా పడుతుంది గానీ, క్లయింట్ ఎల్‌ఎంఎస్ 1.2కు మించిన వెర్షన్‌ను తీసుకోదు (కొటేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న ఇది). అందుకే అధ్యాయానికో ప్యాకేజీగా విడగొట్టాం. బ్రౌజర్ క్యాషే, పాపప్ బ్లాకర్, నెట్ స్పీడ్‌లకు దీనితో సంబంధమే లేదు.

టెస్ట్ మాత్రం కొత్త అటెంప్ట్‌తోనే (కోర్సును మళ్లీ కొత్తగా మొదలుపెట్టి) చేయండి, పాతదాంట్లో పాత డేటా అలాగే ఉండిపోతుంది.